పిల్లాడి ఎముక ఇంకా తయారవుతోంది, కట్టు విప్పించకండి

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది విజయనగరం జిల్లాలో నెల్లిమర్ల దగ్గర పల్లెటూరు. మా బాబుకి 10 ఏళ్లు. వారం కిందట ఇంటి వెనక జీడిమామిడి చెట్టెక్కి పడ్డాడు. కుడి చెయ్యి మణికట్టు దగ్గర విరిగిందని ఆసుపత్రిలో సరిచేసి సిమెంట్ కట్టు వేశారు. ఒక ఎముక గ్రోత్ ప్లేట్ దగ్గర కొంచెం జరిగిందట, పక్క ఎముక వంగిందట. ఎక్స్‌రేలో ఎముక చివర నల్లటి గీతలా ఖాళీ కనిపిస్తోంది. బాగున్న ఎడమ చేతికి తీసిన దాంట్లోనూ అలాగే ఉంది. పిల్లలకి అలాగే ఉంటుందన్నారు గానీ విడమరిచి చెప్పలేదు. మా అత్తగారు ఈ ఆదివారం కట్టు కోయించి, పొరుగూళ్లో నాటు కట్టు కట్టే ఆయన దగ్గరికి తీసుకెళ్దామంటున్నారు. పప్పు, గుడ్డు, చేప పెడితే చీము పడుతుందని మానిపించారు. చారన్నం, నల్లేరు పచ్చడి మాత్రం పెడుతున్నాం. కవిటి వైపు ఉండే మా పెద్దాడపడుచుకి కిడ్నీ జబ్బు. తను వాడే కాల్షియం మాత్రలు కొన్ని బాబుకి వేయమని పంపింది. ఇంకో సంగతి. మా అమ్మాయికి 13 ఏళ్లు. మా పక్కనున్న కొండవెలగాడ పిల్లల్ని చూసి తనూ వెయిట్‌లిఫ్టింగ్ నేర్చుకుంటానంటోంది. బరువులెత్తితే ఎముకలు నొక్కుకుపోయి పొట్టిగా ఉండిపోతుందని ఇంట్లో భయం. అసలు ఎముక దేంతో తయారవుతుంది, ఎలా పెరుగుతుంది? నాకు అర్థమైతే ఇంట్లో వాళ్లకి చెప్పుకోగలను. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, ముందు ఆదివారం సంగతి. కట్టు కోయించకండి. మిగతాదంతా తీరిగ్గా చదువుకోవచ్చు. ఈ ఒక్క మాట మాత్రం ఇప్పుడే మీ అత్తగారికి, బాబు నాన్నకి చెప్పండి.

గ్రోత్ ప్లేట్ అంటే ఎముక పొడవు పెరిగే చోటు. అక్కడ తగిలిన దెబ్బ చాలా తొందరగా అతుక్కుంటుంది. వారం, పది రోజులకే అక్కడ పట్టు వచ్చేస్తుంది. ఆ తర్వాత దాన్ని లాగినా, నూనె రాసి తోమినా, సరిచేస్తానని వంచినా, మున్ముందు చెయ్యి పొడవు పెరగాల్సిన పొరే చితికిపోవచ్చు. ఆలస్యంగా వచ్చిన పిల్లల్లో ఎముక కాస్త పక్కకి ఉన్నా మేం కూడా దాని జోలికి వెళ్లం. పెరిగే వయసు కాబట్టి అదే సర్దుకుంటుందని వదిలేస్తాం. ఆసుపత్రిలో ఇంత పట్టి పట్టి చేసే పనిని ఎక్స్‌రే చూడకుండా చేతి వాటంతో చేయించడం నాకు ఒప్పుదల కాదు.

నాటు కట్టులో ఇంకో ప్రమాదం ఉంది. వెదురు బద్దలు పెట్టి బిగించి కడితే, లోపల వాపు పెరిగే కొద్దీ ముంజేతి కండకి రక్తం అందదు. కొన్ని గంటలు అలా ఉంటే చాలు, కండ చచ్చిపోయి వేళ్లు లోపలికి ముడుచుకుపోతాయి. జర్మనీ వైద్యుడు ఫోక్‌మన్ 1881లోనే దీన్ని వివరంగా రాశాడు. ఇప్పటికీ అలా ముడుచుకుపోయిన చేతులతో పిల్లలు వస్తూనే ఉన్నారు. విరిగిన ఎముక అతుక్కుంటుంది, చచ్చిన కండ తిరిగి రాదు. ఆ పిల్లల్ని చూసినప్పుడు నాకు కలిగే బాధ మాటల్లో చెప్పలేను.

ఆసుపత్రి కట్టు కూడా బిగుసుకోవచ్చు, అందుకని ఈ గుర్తులు మీకు తెలిసుండాలి. వేళ్లు నీలంగా గానీ పాలిపోయి గానీ కనిపించడం, చల్లబడటం, తిమ్మిరెక్కడం, నొప్పి తగ్గాల్సింది పోయి పెరగడం. అన్నిటికన్నా ముఖ్యం, మీరు మెల్లగా బాబు వేళ్లని చాపబోతే ప్రాణం పోయినట్టు ఏడవడం. వీటిలో ఏది కనిపించినా అర్ధరాత్రైనా సరే కట్టు వేసిన ఆసుపత్రికో, దగ్గరుంటే విజయనగరం సర్వజన ఆసుపత్రికో బయల్దేరండి. తెల్లారనిద్దాం అనుకోవద్దు. ఏవీ లేకపోతే భయం లేదు. కూర్చున్నప్పుడు, పడుకున్నప్పుడు చేతిని దిండు మీద ఎత్తుగా ఉంచండి, వేళ్లు తరచూ ఆడించమనండి. దురదగా ఉందని లోపలికి పుల్లలు, స్కేళ్లు దూర్చనివ్వకండి. కట్టు తడవకూడదు. నూనె పోయకూడదు.

ఇక మీరడిగిన అసలు ప్రశ్న. ఎముక అనగానే మనకి కనిపించేది ఎండిపోయిన తెల్లటి గట్టి వస్తువు. ఒంట్లో ఉన్న ఎముక అలా ఉండదు. దానికి రక్తం ఉంది, నరాలు ఉన్నాయి, పగలూ రాత్రీ పనిచేసే కణాలు ఉన్నాయి. బరువు లెక్కన చూస్తే మూడింట రెండు వంతుల దాకా ఖనిజం. ప్రధానంగా కాల్షియం, ఫాస్ఫేట్ కలిసిన హైడ్రాక్సీ ఎపటైట్ అనే పదార్థం, కంటికి కనిపించనంత చిన్న చిన్న స్ఫటికాలుగా ఉంటుంది. మిగతాదాంట్లో ఎక్కువ భాగం కొలాజెన్ అనే ప్రోటీన్ పోగులు, కొంత నీరు. ఒంట్లో ఉన్న కాల్షియంలో 99 శాతం ఎముకల్లో, పళ్లలోనే ఉంటుంది. పెద్దవాళ్లలో అది కిలో వరకూ ఉంటుంది.

ఈ రెండూ ఏ పని చేస్తాయో మీ పిల్లలకి ఇంట్లోనే చూపించొచ్చు. కోడి కాలి ఎముక శుభ్రంగా కడిగి వెనిగర్‌లో నాలుగైదు రోజులు నానబెట్టండి, మధ్యలో వెనిగర్ మార్చండి. ఖనిజం కరిగిపోయి పోగులే మిగులుతాయి. ఎముక ఆకారం అలాగే ఉంటుంది, కానీ రబ్బరులా వంగుతుంది. ఇంకో ఎముకని నిప్పుల్లో బాగా కాల్చండి. ఈసారి పోగులు కాలిపోయి ఖనిజం మిగులుతుంది. చూడ్డానికి తెల్లగా, గట్టిగానే ఉంటుంది, చేత్తో నొక్కితే పొడిపొడి అవుతుంది. అంటే బరువు మోసే గట్టిదనం ఖనిజానిది, దెబ్బ తగిలినప్పుడు పెళుసుగా విరగకుండా సాగే గుణం కొలాజెన్‌ది. ఈ సంగతి గుర్తుంచుకోండి. పప్పు, గుడ్డు దగ్గర మళ్లీ అవసరం పడుతుంది.

చిన్నపిల్లల ఎముకలో పోగుల వాటా ఎక్కువ, ఖనిజం తక్కువ. అందుకే మీ బాబు రెండో ఎముక విరగకుండా వంగింది. ఎండుకొమ్మ ఫట్‌మని విరుగుతుంది, పచ్చికొమ్మని వంచితే ఒక పక్క చీలి రెండో పక్క వంగి ఊరుకుంటుంది కదా, పదేళ్ల పిల్లాడి చేతిలో జరిగేది అదే. పైగా పిల్లల ఎముక మీద ఉండే పై పొర మందంగా ఉంటుంది. ఆ పొర చాలావరకు చిరగకుండా నిలిచి విరిగిన ముక్కల్ని పట్టి ఉంచుతుంది, కొత్త ఎముకని తయారు చేసే కణాల్నీ అదే ఇస్తుంది. పెద్దవాళ్లకన్నా పిల్లలకి త్వరగా అతకడానికి పెద్ద కారణం ఇదే.

ఎముక లోపల మూడు రకాల కణాలు ఉంటాయి. ఆస్టియోబ్లాస్ట్‌లు కొత్త ఎముకని వేస్తాయి. ఆస్టియోక్లాస్ట్‌లు పాతదాన్ని కరిగిస్తాయి. ఆస్టియోసైట్‌లు ఎముక మధ్యలోనే ఉండిపోయి, ఎక్కడ బరువు ఎక్కువ పడుతోంది, ఎక్కడ సన్నటి పగులు వచ్చింది అని పసిగట్టి మిగతా రెంటికీ కబురు పంపుతాయి. పెద్దవాళ్లలో ఏటా సుమారు 10 శాతం ఎముక ఇలా పాతది పోయి కొత్తది వస్తుంది. మధ్యలోని మూలుగ రక్తకణాల్ని తయారు చేస్తుంది. మీ బాబు వయసులో ఆ ఎర్ర మూలుగ చాలా ఎముకల్లో ఉంటుంది, పెద్దయ్యాక ముఖ్యంగా వెన్ను, కటి, పక్కటెముకలు, రొమ్ము ఎముకల్లో మిగులుతుంది.

ఇప్పుడు ఎక్స్‌రేలో మిమ్మల్ని భయపెట్టిన ఆ నల్లటి గీత దగ్గరికి వద్దాం.

బిడ్డ కడుపులో ఉన్నప్పుడు చేతులు, కాళ్లు, వెన్ను ముందు మృదులాస్థితో తయారవుతాయి. చెవి డొప్ప తాకి చూడండి, ఆ మెత్తదనం కూడా మృదులాస్థి వల్లే. గర్భం 7, 8 వారాలప్పుడు ఆ మెత్తటి అచ్చు మధ్యలోకి రక్తనాళాలు చొచ్చుకుపోయి, ఎముక కణాలు చేరి, మెత్తదాన్ని తీసేస్తూ గట్టిది వేయడం మొదలుపెడతాయి. అక్కణ్నుంచి రెండు చివరల వైపు పని సాగుతుంది. తల పైభాగం ఎముకలది వేరే దారి, అవి మృదులాస్థి దశ లేకుండా పొర మీద నేరుగా ఏర్పడతాయి. పుట్టాక కూడా వాటి మధ్య ఖాళీ ఉంటుంది, దాన్నే మనం మాడు అంటాం. ముందు మాడు చాలామంది పిల్లలకి ఏడాదిన్నర, రెండేళ్లలోపు పూడుకుంటుంది. ఈ నిర్మాణానికంతటికీ తల్లి ఒంటి నుంచి బిడ్డకి చేరే కాల్షియం 30 గ్రాముల వరకూ ఉంటుంది, అందులో ఎక్కువ భాగం చివరి మూడు నెలల్లోనే. ఇంట్లో గర్భిణి ఉంటే ఆ నెలల్లో తిండి ఎంత ముఖ్యమో దీన్నిబట్టి ఊహించుకోండి.

పుట్టిన బిడ్డకి సుమారు 300 ఎముక ముక్కలు ఉంటాయి. పెరిగే కొద్దీ కొన్ని ఒకదాంతో ఒకటి కలిసిపోయి పెద్దయ్యేసరికి 206 అవుతాయి. మోకాలి చిప్ప పుట్టినప్పుడు పూర్తిగా మృదులాస్థే, ఎముకగా మారడం సుమారు 3 ఏళ్ల తర్వాత మొదలవుతుంది. మణికట్టులో 8 చిన్న ఎముకలు ఉన్నాయి. అప్పుడే పుట్టిన బిడ్డ చేతికి ఎక్స్‌రే తీస్తే మామూలుగా అవి ఒక్కటీ కనిపించవు. మొదటి నెలల్లో రెండు కనిపిస్తాయి, తర్వాత ఏళ్లు గడిచే కొద్దీ ఒక్కొక్కటే. చిట్టచివరిది 9 నుంచి 12 ఏళ్ల మధ్య. ఎదుగుదల సరిగా లేదని అనుమానం ఉన్న పిల్లలకి ఎడమ మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముకల వయసు చెప్పేది ఈ లెక్కతోనే. మెడ దగ్గరి కాలరు ఎముక ఒక్కటి విచిత్రమైనది. కడుపులో అన్నిటికన్నా ముందు గట్టిపడటం మొదలుపెట్టేది అదే, రొమ్ము వైపు చివర ఇరవైలు దాటాక గానీ పూర్తిగా అతకనిదీ అదే.

పొడవాటి ఎముకల్లో మధ్యభాగం గట్టిపడ్డాక చివరల్లో కూడా వేరుగా ఎముక ఏర్పడుతుంది. ఆ రెండిటి మధ్య సన్నటి మృదులాస్థి పొర మిగిలిపోతుంది. గ్రోత్ ప్లేట్ అంటే ఆ పొర. అందులో కణాలు వరసలు వరసలుగా పేరుకుంటాయి. కొత్తవి పుడుతుంటే పాతవి ఉబ్బి, ఖనిజం పట్టి, చివరికి ఎముకగా మారతాయి. చెయ్యైనా కాలైనా పొడవు పెరిగేది అక్కడే. మృదులాస్థిలో ఎక్స్‌రేని ఆపేంత ఖనిజం ఉండదు, అందుకని ఫిల్మ్ మీద అది నల్లగా, ఖాళీగా కనిపిస్తుంది. మీ బాబు ఎడమ చేతిలోనూ ఆ గీత ఉందంటే అక్కడ ఇంకా ఎదుగుదల ఉందని అర్థం. మీ చేతికి ఎక్స్‌రే తీస్తే ఆ గీత ఉండదు. మగపిల్లలకి మణికట్టు దగ్గర ఇది 17, 18 ఏళ్ల దాకా తెరిచి ఉంటుంది, ఆడపిల్లలకి అంతకన్నా ఒకటి రెండేళ్లు ముందే మూసుకుంటుంది. మూయించేది ఈస్ట్రోజెన్ హార్మోన్, మగపిల్లల్లో కూడా.

కీలుని పట్టి ఉంచే చుట్టుపక్కల లిగమెంట్లకన్నా ఈ పొర బలహీనం. పెద్దవాళ్లయితే చెయ్యి బెణికి ఊరుకునే దెబ్బకి పిల్లల్లో ఈ పొర దగ్గర ఎముక పక్కకి జరుగుతుంది. 1963లో కెనడాలోని టొరంటోకి చెందిన సాల్టర్, హారిస్ అనే వైద్యులు ఈ దెబ్బల్ని 5 రకాలుగా విడదీశారు, ఇప్పటికీ మేం ఆ లెక్కే వాడతాం. మణికట్టు దగ్గర ఎక్కువగా చూసేది రెండో రకం, అది చాలామందిలో ఏ లోపమూ లేకుండా మానుతుంది. ఈసారి వెళ్లినప్పుడు 'మా బాబుది ఏ రకం?' అని అడగండి. అడగడానికి మొహమాటపడొద్దు, ఆ మాట తెలుసుకునే హక్కు మీకుంది. ముంజేతిలో బొటనవేలి వైపుండే రేడియస్ ఎముక పొడవులో 75 నుంచి 80 శాతం మణికట్టు వైపున్న గ్రోత్ ప్లేట్ నుంచే వస్తుంది. కొద్దిమందిలో దెబ్బ తర్వాత ఆ పొరలో కొంత భాగం ముందుగానే మూసుకుపోయి, చెయ్యి పొట్టిగానో వంకరగానో పెరిగే అవకాశం ఉంటుంది. తొలి రోజుల్లో అది ఎవరికీ తెలియదు. కాబట్టి కట్టు తీసేశాక అయిపోయిందనుకోకుండా ఆరు నెలలయ్యాక ఒకసారి, ఏడాదయ్యాక ఒకసారి రెండు చేతులకీ ఎక్స్‌రే తీయించి పోల్చి చూడమనండి. ఇప్పటి ఫిల్మ్‌లు పారేయకండి, అప్పుడు అవసరమవుతాయి.

వంగిన ఎముక గురించి దిగులు వద్దు. మణికట్టుకి దగ్గరగా, చెయ్యి మడిచే దిశలో ఉన్న వంపు ఈ వయసులో ఏడాది, రెండేళ్లలో చాలావరకు దానంతట అదే సరవుతుంది. ఒక పక్క ఎముక వేసి, రెండో పక్క కరిగించి కణాలే సరిచేస్తాయి. మెలి తిరిగి అతుక్కున్న ఎముక మాత్రం అలా సర్దుకోదు, అందుకే మొదటి కొన్ని వారాలు డాక్టరు చెప్పిన తేదీలకి తప్పక వెళ్లాలి.

అతుక్కోవడం ఎలాగంటే, విరిగిన చోట ముందు రక్తం గడ్డకడుతుంది. కొన్ని రోజుల్లో అందులోకి కణాలు, సన్నటి రక్తనాళాలు చేరతాయి. రెండు మూడు వారాలకి మెత్తటి అతుకు, ఆ తర్వాత అందులో ఖనిజం చేరి గట్టి అతుకు. మీ బాబు వయసులో ముంజేతికి కట్టు సాధారణంగా 4 నుంచి 6 వారాలు. కట్టు తీశాక చెయ్యి సన్నగా, చర్మం పొలుసులుగా, మణికట్టు బిగుసుకుని కనిపిస్తుంది. తోమించకండి. వాడే సొంతంగా రోజూ మెల్లగా ఆడిస్తే కొన్ని వారాల్లో వచ్చేస్తుంది. అతికిన ముంజెయ్యి తొలి నెలల్లో మళ్లీ విరిగే ప్రమాదం ఉంది, చెట్లెక్కడం, క్రికెట్టు డాక్టరు సరేననేదాకా ఆపండి.

తిండి దగ్గర నేను గట్టిగా చెప్పాలి. పప్పుతో చీము పట్టదు. గుడ్డుతో పట్టదు, చేపతో పట్టదు. చీము పట్టేది క్రిములు చేరితే. మీ బాబుకి చర్మం తెగలేదు, లోపల పుండు లేదు. చీము పట్టడానికి కారణమే లేదు. ఇప్పుడు వాడి ఒళ్లు చేస్తున్న పని కొలాజెన్ పోగులు అల్లడం, ఆ పోగుల మీదే తర్వాత ఖనిజం నిలుస్తుంది. కొలాజెన్ ప్రోటీన్ కాబట్టి దానికి ముడిసరుకు పప్పు, గుడ్డు, చేప, పాలు, శనగలు. చారన్నంలో అది దాదాపు లేదు. మీ అత్తగారికి మనవడంటే ప్రాణం, అందుకే పత్యం పెడుతున్నారు. ఆ ప్రేమకి నా దండం. దాన్ని రోజుకో గుడ్డు, రెండు పూటలా పప్పు వైపు మళ్లించండి.

కాల్షియం సంగతి. జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్క ప్రకారం 10 నుంచి 12 ఏళ్ల పిల్లలకి రోజుకి 850 మిల్లీగ్రాములు. దీన్ని తిండిలోనే ఇవ్వొచ్చు. పెద్ద గ్లాసు పాలల్లో 240 వరకూ, 50 గ్రాముల చోడి (రాగి) పిండిలో 170కి పైనే ఉంటుంది. మన ఉత్తరాంధ్ర ఇళ్లల్లో చోడి అంబలి రాత్రి పులియబెట్టి పొద్దున్న తాగేవాళ్లు, పులిస్తే కాల్షియాన్ని ఒంటికి అందనివ్వని ఫైటేట్లు కొంత తగ్గుతాయి. మంచి అలవాటు, తిరిగి మొదలుపెట్టండి. పొట్టు తీయని నువ్వులు ఒక పెద్ద చెంచాడు నూరి కూరలో వేసినా, బెల్లంతో ఉండ చేసినా 100 దాకా వస్తుంది. నెత్తళ్ల లాంటి చిన్న చేపలు ముల్లుతో సహా నమిలితే ఆ ముల్లులోని కాల్షియం కూడా దక్కుతుంది. పెరుగు, మునగాకు ఉండనే ఉన్నాయి. బడిలో ఇచ్చే రాగి జావ, గుడ్డు, చిక్కీ వదలొద్దని వాడికి చెప్పండి.

కొలాజెన్ గట్టిగా అల్లుకోవాలంటే విటమిన్ సి కావాలి. జామకాయ, ఉసిరి చాలు. వాడు పడిన ఆ జీడిమామిడి చెట్టు పండులో కూడా నారింజలోకన్నా విటమిన్ సి ఎక్కువ. ఇక విటమిన్ డి లేకపోతే తిన్న కాల్షియం పేగు నుంచి రక్తంలోకి సరిగా ఎక్కదు. తిండిలో అది తక్కువే దొరుకుతుంది, ప్రధానంగా ఎండ నుంచే రావాలి. కాళ్లూ చేతులూ తెరిచి రోజూ కాసేపు ఎండలో ఉండేలా చూడండి. మన చర్మపు రంగుకి కాస్త ఎక్కువసేపు అవసరం.

నల్లేరు పచ్చడి వాడికి ఇష్టమైతే తిననివ్వండి, బాగా వేయించి చేస్తే దురద ఉండదు. దాన్ని నమ్ముకుని కట్టు ముందుగా తీయించడం మాత్రం వద్దు.

మీ ఆడపడుచు పంపిన మాత్రలు బాబుకి వేయకండి. తిరిగి పంపించేయండి. కారణం చెబుతాను, ఆవిడకి కూడా పనికొస్తుంది. విటమిన్ డి పనిచేసే రూపంలోకి మారేది ఎక్కువగా కిడ్నీలోనే. ఎక్కువైన ఫాస్ఫేట్‌ని బయటికి పంపేదీ కిడ్నీయే. కిడ్నీ దెబ్బతింటే ఈ రెండూ తప్పుతాయి. ఫాస్ఫేట్ పేరుకుంటుంది, రక్తంలో కాల్షియం తగ్గబోతుంది. అప్పుడు మెడలోని పారాథైరాయిడ్ గ్రంథులు ఎముకని కరిగించి రక్తంలోకి కాల్షియం లాగుతాయి. మీ ఆడపడుచు ఉండే ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ రోగులు ఒళ్లంతా ఎముకల నొప్పులని బాధపడుతుంటే అందులో దీని పాత్ర చాలా ఉండొచ్చు. ఆవిడకి ఇచ్చిన కాల్షియం మాత్ర భోజనంతో పాటు వేసుకోమనే ఉంటారు. తిండిలోని ఫాస్ఫేట్‌ని పేగులోనే పట్టి ఆపడం దాని పని. వాటితో పాటు చిన్న క్యాప్సూల్స్ కూడా ఉంటే అవి ఇప్పటికే పనిచేసే రూపంలో ఉన్న విటమిన్ డి కావచ్చు. కిడ్నీలు బాగున్న పిల్లాడికి అవి వేస్తే రక్తంలో కాల్షియం ప్రమాదకరంగా పెరగొచ్చు. బాబుకి మాత్ర అవసరమా కాదా అన్నది వాడి డాక్టరే చెప్పాలి.

అలాగే నేను బాబుకి చెప్పిన పాలు, చోడి, నువ్వులు, చిన్న చేపలు మీ ఆడపడుచుకి వర్తించవు. వాటిలో ఫాస్ఫేట్ ఎక్కువ. ఆవిడ తిండి ఆవిడ కిడ్నీ డాక్టరు చెప్పినట్టే ఉండాలి. నొప్పి బిళ్లలు, నొప్పి ఇంజెక్షన్లు ఊళ్లో ఎవరిస్తామన్నా వద్దనమని చెప్పండి, ఉన్న కాస్త కిడ్నీనీ అవి తినేస్తాయి. ఎముకల నొప్పి ఉందని తన డాక్టరుకి చెప్పి ఫాస్ఫేట్, పారాథైరాయిడ్ పరీక్షలు అడగమనండి.

ఇక మీ అమ్మాయి. పంపించండి. మనస్ఫూర్తిగా చెబుతున్నాను, పంపించండి.

సరైన శిక్షకుల కళ్ల ముందు, పద్ధతిగా నేర్చుకుంటూ బరువులెత్తితే ఎత్తు ఆగదు. వెయిట్‌లిఫ్టర్లు చాలామంది పొట్టిగా కనిపించడానికి కారణం వేరు. కాళ్లూ చేతులూ పొట్టిగా ఉన్నవాళ్లకి ఆ ఆట సులువు, బరువు ఎత్తాల్సిన దూరం తక్కువ. వాళ్లే అందులో నిలబడతారు, గెలుస్తారు, మన కంటికి కనిపిస్తారు. ఎత్తు ఎంతన్నది ఎక్కువ భాగం తల్లిదండ్రుల నుంచి వచ్చేదే, మిగతాది తిండి, ఆరోగ్యం. ఎముక నొక్కుకుపోతుందన్న భయానికి సరిగ్గా తిరగేసి జరుగుతుంది. బరువు పడిన చోట ఎముక దళసరి అవుతుందని జర్మనీకే చెందిన జూలియస్ వోల్ఫ్ 1892లో రాశాడు. టెన్నిస్ ఆడేవాళ్ల ఆడే చేతి ఎముక రెండో చేతి ఎముకకన్నా లావుగా ఉంటుంది. బరువే తెలియని అంతరిక్షంలో ఉన్న వ్యోమగాములకి తుంటి ఎముక నెలకి 1 శాతానికి పైగా తరిగిపోతుంది. పైగా మీ అమ్మాయిది అసలైన వయసు. ఎత్తు వేగంగా పెరిగే రెండేళ్ల చుట్టూనే, పెద్దయ్యాక ఉండే ఎముక ఖనిజంలో దాదాపు నాలుగోవంతు చేరిపోతుంది. అప్పుడు దాచుకున్నదే తర్వాత నెలసరి ఆగిపోయే వయసులో ఎముక గుల్లబారకుండా కాపాడుతుంది.

ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి 12 ఏళ్లకి బరువులెత్తడం మొదలుపెట్టింది. 2000లో సిడ్నీలో 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలెత్తి కంచు పతకం తెచ్చింది, ఒలింపిక్స్‌లో పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ. మీ పక్కనున్న కొండవెలగాడ నుంచి వచ్చిన మత్స సంతోషి 2014లో గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో పతకం సాధించింది. మీ ఇంటికి అంత దగ్గర్లో ఆ విద్య ఉండటం ఆ పిల్ల అదృష్టం.

జాగ్రత్తలు లేకపోలేదు. తొలి నెలల్లో ఖాళీ రాడ్డుతో, కర్రతో భంగిమే నేర్పే శిక్షకుల దగ్గర చేర్పించండి. నెల తిరక్కుండా ఎంత ఎత్తగలవో చూపించు అనే చోట వద్దు. మణికట్టు, మోకాలు, నడుము ఒకే చోట రోజుల తరబడి నొప్పి అంటే ఆపి చూపించండి, తనకీ గ్రోత్ ప్లేట్లు ఇంకా తెరిచే ఉండొచ్చు. అన్నిటికన్నా నాకు భయం పోటీల ముందు బరువు విభాగం కోసం కడుపు మాడ్చుకోవడం. ఎదిగే ఆడపిల్ల తిండి తగ్గించి సాధన చేస్తే నెలసరి తప్పుతుంది, ఈస్ట్రోజెన్ పడిపోతుంది, ఎముక ఖనిజం నిలవదు. మొదలైన నెలసరి వరసగా మూడు నెలలు రాకపోయినా, 15 ఏళ్లు నిండినా మొదలవకపోయినా డాక్టరుకి చూపించండి.

తన పళ్లెం కూడా ఒకసారి చూడండి. 13 నుంచి 15 ఏళ్లకి రోజుకి కావలసిన కాల్షియం 1000 మిల్లీగ్రాములు, చెయ్యి విరిగిన తమ్ముడి కన్నా 150 ఎక్కువ. వాడికి పాలు కాచినప్పుడు తనకీ ఒక గ్లాసు పోయండి, గుడ్డు ఉడకబెట్టినప్పుడు రెండు వేయండి.